మొసలికి ముందు అన్నం పెట్టాలి

మా సాయిదిన్ తాత పిల్లల పుస్తకాలు రాసి, బొమ్మలు కూడా తనే వేసేవాడు. ఆయన కథలోకి పులి రానీ, దెయ్యం రానీ, వరద రానీ, ముందు అందరూ కూర్చుని అన్నం తినాలి. ఆ తర్వాతే కథ. కొన్ని పుస్తకాల్లో తిండి అయ్యేసరికి పేజీలు కూడా అయిపోయేవి.

వరద కథే చూడండి. పడవవాళ్లు కాపాడ్డానికి వస్తే, ఇంటి కప్పు మీదున్న ముసలమ్మ "తిన్నారా నాయనా?" అని అడుగుతుంది. నీళ్లు చూరు దాకా వచ్చినా చంకలో కుండ వదలదు. పడవవాళ్లు కప్పెక్కి తింటారు. పడవ కొట్టుకుపోతుంది.

మలేషియాలోని తైపింగ్‌లో నా బండి ఆయన ఇంటికి ఎదురుగానే ఉండేది. కొబ్బరిపాలతో అన్నం వండి, చిన్నచేపల వేపుడు పెట్టి అమ్మేదాన్ని. పొద్దున్నే వచ్చి నిలబడేవాడు.

"రోకియా, ఇవాళ చేపలు కరకరలాడుతున్నాయా?"

"ఎప్పుడు ఆడలేదు గనక. ఎందుకు తాతా?"

"దెయ్యం అడుగుతోంది."

ఆ దెయ్యం అరటితోటలో జుట్టు విరబోసుకుని వస్తుంది. ఎవరైనా పారిపోతారు. ఈయన కథలో పిల్ల మాత్రం "అక్కా, తిన్నావా?" అంటుంది. దెయ్యం మొహమాటపడి, "ఇంకా లేదమ్మా" అంటుంది. ఆ తర్వాత పేజీ నిండా దెయ్యం అన్నం కలుపుకోవడమే. వెంట్రుకలు పళ్లెంలో పడకుండా దానికి ముడి కూడా వేశాడు.

"ఇది చూసి ఏ పిల్ల భయపడుతుంది తాతా?" అన్నాను.

"భయపడ్డానికి వాళ్లకి ఖాళీ ఇల్లుంది కదా," అన్నాడు పెన్సిల్ చెక్కుకుంటూ.

ఖాళీ ఇల్లంటే ఏమిటో ఆయనకు తెలుసు. భార్య పోయాక ఆ పెద్ద చెక్క ఇంట్లో ఒక్కడే. రేడియోలో వార్తలు చదివేవాళ్లకు జవాబులు చెప్పేవాడు. ఆ ఇంటి పిల్లి కూడా మనుషుల అలికిడి కోసం పక్కింటికి మకాం మార్చింది. మా వీధి పగలంతా అలాగే ఉండేది. పెద్దవాళ్లు చేతి తొడుగుల ఫ్యాక్టరీకి పోతే, బడి నుంచి వచ్చిన పిల్లలు మెళ్లో తాళంచెవులు వేసుకుని ఎవరి మెట్ల మీద వాళ్లు కూర్చునేవాళ్లు.

మధ్యాహ్నం వాళ్లను పిలిచి, రాస్తున్న కథ చదివేవాడు. దానికో నియమం. కథలో ఎవరేం తింటే, వినేవాళ్లూ అదే తినాలి. "తినకపోతే బొమ్మ సరిగ్గా కుదిరిందో లేదో ఎలా చెప్తారు?" అనేవాడు. నా బండిలో మిగిలినదంతా ఆయన చాప మీదికి చేరేది. నాలుక మీద అదుపు లేక ముసలాయన పుస్తకం పేరు చెప్పి లాగిస్తున్నాడని వీధంతా నవ్వుకునేది. నేనూ నవ్వాను.

ఆయన పుస్తకం అచ్చయి చాలా ఏళ్లయింది. కొత్తగా కోతీ మొసలీ కథ తయారుచేసి పుస్తకాలు అచ్చేసేవాళ్లందరికీ పంపితే, ఒక్క మిస్ యోంగ్ మాత్రం కౌలాలంపూర్ నుంచి వచ్చింది. ఈవిడ కాదంటే ఇక అచ్చేసేవాళ్లు లేరు. వచ్చీ రాగానే తాత తినమన్నాడు. "బస్సెక్కే ముందే తిన్నానంకుల్," అని పేజీలు తిప్పడం మొదలుపెట్టింది.

"బొమ్మలు బాగున్నాయంకుల్. కానీ మొసలి కోతిని తరిమేది చివర్న ఒక్క పేజీ. మిగతాదంతా తింటూనే ఉంది."

"ఆకలితో ఎలా తరుముతుందమ్మా?"

"తిండికి ఒక్క పేజీ ఉంచండి, అచ్చేస్తాను. లేదంటే నా వల్ల కాదు."

పళ్లేలు దించుతూ నేను, "ఒప్పుకోండి తాతా. మొసలికి ఒక్క పేజీ చాలదా?" అన్నాను.

"మొసలికైతే చాలు," అన్నాడు. "కాసేపు కూర్చోమ్మా. పిల్లలొస్తున్నారు."

పిల్లలొచ్చారు. చాప చివర సల్వా కూర్చుంది. వాళ్లమ్మ రెండు షిఫ్టులు చేస్తుంది. నేను ఊరికే ఇస్తే ఆ పిల్ల ఏనాడూ పుచ్చుకోలేదు. పెదాలు ఎండిపోయి ఉన్నా "తిన్నానత్తా" అని తల తిప్పుకునేది.

తాత చదివాడు. "మొసలి బావా, తిన్నావా అంది కోతి. తిన్నానంది మొసలి. అబద్ధం."

పిల్లలు నవ్వారు. సల్వా నవ్వలేదు.

"తిన్నా సరే, పెట్టింది ముట్టకుండా పోతే దారిలో కీడు అంది కోతి. అందుకని మొసలి ఒక్క మెతుకు ముట్టింది."

ఆ కీడు భయం మా వాళ్లందరికీ ఉన్నదే. సల్వా వేలు చాచి ఒక్క మెతుకు ముట్టుకుంది. పేజీ తిప్పితే మొసలి ఆ మెతుకు నోట్లో వేసుకుంది. సల్వా కూడా వేసుకుంది. తర్వాత పేజీలో ముద్ద. ఆ తర్వాత చేప, ఆపైన గుడ్డు, ఆపైన వేయించిన అరటిపండు. తాత తొందరపడలేదు. ఆ పిల్ల నమలడం అయ్యేదాకా కళ్లజోడు తుడుచుకున్నాడు. తుడవడానికేం లేకపోతే దగ్గాడు. సల్వా వేళ్లు నాక్కుని గోడకి ఆనుకున్నాక, "మొసలికి కడుపు నిండింది," అని చదవడం ఆపేశాడు.

ఆయన ముందు పళ్లెమే లేదని నేను అప్పుడు చూశాను.

పిల్లలు చేతులు కడుక్కోవడానికి లేచాక, "ఇది మీ చాప మీద బాగానే ఉందంకుల్. మరి అచ్చులో?" అంది మిస్ యోంగ్ మెల్లగా.

"ఎక్కడున్నా ఎవరో ఒకరు పిల్లల్ని కూర్చోబెట్టుకుని చదవాలి కదమ్మా. ఇన్ని పేజీలుంటే, చదివేవాళ్లు సిగ్గుపడైనా ఏదో ఒకటి పెడతారు."

ఆవిడ పెన్సిల్ తీసింది. వెనక నుంచి పేజీలు తిప్పి ఒకదానికి అడ్డంగా గీత కొట్టింది.

"తరిమే పేజీ తీసేస్తున్నాను. ఇంత తిన్నాక ఎవరు పరిగెడతారు?"

"నాకూ అది మొదట్నుంచీ ఇష్టం లేదు," అన్నాడు తాత.

ఆవిడ నా వైపు చూడకుండా ఖాళీ పళ్లెం ఒకటి ముందుకు లాక్కుంది.

"అంకుల్, ఆ చేప వచ్చే పేజీ ఇంకోసారి చదవండి."