పెద్ద ఫొటోలు పన్నెండు వస్తాయనుకున్నాను

అరవైల మొదట్లో నకిరేకల్‌లో ఒక పాత కెమెరా కొన్నాను. రీలుకు ఎనిమిది పెద్ద ఫొటోలు వచ్చేవి. లోపల రేకు చట్రం బిగిస్తే పన్నెండు చిన్నవి. చట్రం బిగించకుండా, రీలు వెనక కాగితం మీద చిన్న ఫొటోలకు వేసిన పన్నెండు అంకెల ప్రకారం రీలు తిప్పితే, పెద్ద ఫొటోలే పన్నెండు వస్తాయని నా లెక్క.

పక్కింటి నేతపని లక్ష్మవ్వ పెద్దకొడుక్కి షోలాపూర్ మిల్లులో పని దొరికింది. వెంట తీసుకుపోవడానికి ఫొటో కావాలన్నారు. ముగ్గురు ఒకే ఫొటోలో ఉంటే ఒకరికి ఆయుష్షు తక్కువని అవ్వ నమ్మకం. అందుకని కొడుకులిద్దరినీ ఒకసారి, నా లెక్క ప్రకారమే రీలు ఒక అంకె తిప్పి, వెంటనే అవ్వను ఒక్కదాన్నే ఒకసారి తీశాను.

ప్రయాణం రోజు పొద్దున నల్లగొండ స్టూడియో నుంచి ఫొటో వచ్చింది. బొమ్మ మీదికి బొమ్మ ఎక్కి, చిన్నకొడుకు భుజం మీంచి అవ్వ తొంగి చూస్తోంది.

"గిదేంది బిడ్డా, ముగ్గురం గూడినం?"

చట్రం సంగతి మూడుసార్లు విడమరిచి చెప్పాను.

"గా రేకు ముచ్చట నాకెందుకు? ముగ్గురమా, కాదా?"

"ముగ్గురే అవ్వా."

"అయితే వీడు పోడు. లెక్కల మనిషివి గద, నువ్వే సరిజెయ్యి."

బస్సుకు అరగంటే ఉంది. విసుగెత్తి, లైసెన్సు కోసం తీయించుకున్న నా ఫొటో తెచ్చి వాళ్ల ఫొటో మూలన అంటించాను. అవ్వ వేలు పెట్టి నలుగురినీ లెక్కపెట్టింది.

"ఇగ పోయిరా కొడుకా" అంది.

కెమెరా కొనేవాళ్లు రీలుకు ఎన్ని ఫొటోలని అడుగుతారు. ఒక్కో ఫొటోకు ఎంత జాగా కావాలో కూడా అడగండి. నేను అడగనందుకు, షోలాపూర్‌లో ఒక ఇంటి గోడ మీద ముఖం మాడ్చుకుని ఇప్పటికీ ఉన్నాను.