ఇస్సాకన్న ముట్టని నిమ్మకాయ

జహీరాబాద్ బస్టాండు దగ్గర రేడియోలు బాగుచేసే ఇస్సాకన్న ఏ రేడియోనూ చచ్చిపోయిందనడు. "జర అలిగింది" అంటాడు. న్యాల్‌కల్ దిక్కు పల్లెలో కూలి చేసుకునే ఇంట్లో పుట్టి, బీదర్‌లో ఒక మరాఠీ మేస్త్రీ దగ్గర పని నేర్చుకున్నాడు. చెరుకు రైతుల పెద్ద పెట్టె రేడియోల నుంచి కొత్త టేప్‌రికార్డర్ల దాకా అన్నీ ఆయన బల్ల మీదికే వస్తాయి. బాగుచేశాక ఊరికే ఇచ్చెయ్యడు. యజమానిని కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, ఒక పాట పూర్తిగా వినిపించి గానీ పంపడు. పాట మధ్యలో లేచిన సేటును మళ్ళీ కూర్చోబెట్టడం నేను కళ్ళారా చూశాను.

నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. ఒక బొమ్మ కారు కోసం ఆయన దగ్గరికి పోవలసిన అవసరం నాకు రాకూడదు. వచ్చింది.

మా నాలుగేళ్ళ వనజ మెట్ల మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పాక, ఎముక అతికిందని, ఇక నడిపించమని దవాఖానలో డాక్టరు చెప్పాడు. పిల్ల మాత్రం నేల మీద కాలు పెట్టనంది. నేనూ బలవంతపెట్టలేదు. రోజంతా చంకనెత్తుకుని తిరుగుతూ, ఇది ఇక నడవదేమోనని బెంగపడేవాణ్ని. అప్పుడే మా బావమరిది జగన్‌మోహన్ దుబాయి నుంచి రిమోటు కారు తెచ్చాడు. కారు వరండాలో ఉరికింది. దాన్ని పట్టుకోవాలని వనజ గోడ ఆసరాతో లేచి రెండడుగులు వేసింది.

వాడకట్టంతా చూడవచ్చింది. "పిల్ల లేచిందే" అని ఒకరు, "కారు మస్తుగుంది" అని ఒకరు. నాకు భయం పట్టుకుంది. దిష్టి మూఢనమ్మకమని క్లాసులో చెప్పే నేను, నా భార్య మనోరమ వంటింట్లో ఉన్న సమయం చూసి, ఇనుప తీగకు నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ గుచ్చి కారుకు కట్టాను. తీగ పైకొన ఏరియల్‌కు, కిందికొన రేకు బంపరుకు చుట్టాను. చక్రాల్లో చిక్కుకోకూడదు కదా. సైన్సు చదివినందుకు ఆ మాత్రం జాగ్రత్త తీసుకున్నాను.

మర్నాడు కారు మొరాయించింది. రిమోటు దాదాపు ఆనిస్తే కదులుతుంది, జానెడు దూరం పోగానే ఆగుతుంది. జానెడు దూరానికి నడవడమెందుకని వనజ మళ్ళీ కూలబడింది.

కొత్త సెల్లులు వేశాను. రిమోటు పక్కన ట్రాన్సిస్టరు పెట్టి షార్ట్‌వేవ్ చివరకు తిప్పి, రిమోటు నొక్కితే బుర్రుమంది. అంటే రిమోటు మంచిదే, జబ్బు కారులోని రిసీవర్‌ది. ఇంతవరకు నా చదువు సరిగానే నడిచింది. ఆ తరవాత, బొంబాయి రోడ్డు లారీల స్పార్కు ప్లగ్గులు సిగ్నల్‌ను పాడుచేస్తున్నాయని మనోరమకు వివరించాను. డీజిలు లారీలకు స్పార్కు ప్లగ్గులుండవని ఆమే అంది. నేను చెప్పే పాఠమే అది.

కారునూ వనజనూ ఎత్తుకుని ఇస్సాకన్న దుకాణానికి పోయాను.

"గీ నిమ్మకాయ..." అన్నాడాయన.

"మా ఇంటామె నమ్మకం" అన్నాను.

"బాపే కట్టిండు" అంది వనజ.

ఇస్సాకన్న నవ్వలేదు. ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషి. ఇంకొకరు దిష్టికి కట్టుకున్నదాన్ని ముట్టడం ఆయన లెక్కలో మర్యాద కాదు. తువ్వాల కొనతో నిమ్మకాయను పక్కకు జరిపి పట్టుకుని, మరలు విప్పాడు. అతుకులన్నీ మళ్ళీ అతికాడు. కారు జానెడు దాటలేదు. క్రిస్టల్ పోయిందేమో అన్నాను, చూశాడు. కాయిల్‌కు తేమ పట్టిందేమో అన్నాను, ఎండలో పెట్టాడు. ప్రతిసారీ నిమ్మకాయను అంతే భద్రంగా జరిపాడు.

"జర గట్టిగనే అలిగింది సార్."

శనివారం మళ్ళీ పోయాం. "కాయ ఎండిపోయింది సార్. ఇయ్యాల మార్చే దినం గద. కొత్తది కట్టున్రి, గప్పటిదాంక నేను ఆగుత" అన్నాడు. నేను పాతది తీగతో సహా విప్పి కారును నేల మీద పెట్టాను. ఆయన ఊరికే కూర్చోలేక రిమోటు నొక్కాడు. కారు గడప దాటి, దుకాణాల ముందున్న అరుగు మీద పక్క దర్జీ దాకా దూసుకుపోయింది.

ఏరియల్ పట్టిన సిగ్నల్ రిసీవర్‌కు చేరకుండా, నా తీగ వెంట బంపరులోకి దిగిపోతున్నదన్నమాట.

"ఆ తీగ నీకు కనపడలేదా ఇస్సాకన్నా?"

"అది మీ దేవుని ముచ్చట సార్. ఆ దిక్కు నేను చూడనే లేదు. మీకన్న తెల్వద్దా?"

"నేను కట్టినదాన్ని నేనే అనుమానిస్తనా?"

మేమిద్దరం వాదించుకుంటుండగానే వనజ బెంచీ దిగింది. గోడ పట్టుకుని కొంత, వదిలేసి కొంత, కారు వైపు నడుస్తోంది. చూడగానే నేను ఉరికిపోయి చంకనెత్తుకున్నాను.

"పడతవు బిడ్డా."

"సార్" అన్నాడు ఇస్సాకన్న. "ఇన్ని దినాలు నడుస్తలేదని ఏడ్చిన్రు. నడుస్తుంటె ఎత్తుకుంటరేంది? దించున్రి."

దించాను. చేతులు మాత్రం వెనక్కి తీసుకోలేకపోయాను. అలాగే వంగి, దాని వెనకే అడుగులు వేశాను. వనజ ఆగి, తిరిగి నన్ను చూసింది.

"నువ్వు రాకు బాపూ" అంది.