అచ్చులో కురిసిన వాన

తుంగభద్ర సాక్షిగా చెబుతున్నాను, ఇందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు.

మొన్న మా వీధి మెకానిక్ సైకిల్ గొలుసును కిరోసిన్‌తో కడుగుతుంటే, ఆ వాసనకు నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. కర్నూలులో మా చిన్న దినపత్రిక ఆఫీసు నిండా అదే వాసన ఉండేది. అచ్చు పని అయిపోయాక సీసపు అక్షరాలను రోజూ కిరోసిన్‌తోనే కడిగేవారు. ఇప్పుడు ఆ పత్రికా లేదు, దాన్ని నడిపిన సంపాదకులు వీరభద్రయ్య సారూ లేరు. ఆఫీసు ఉన్న చోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు.

సారు ప్రూఫులను కళ్లతో కాదు, ముక్కుతో దిద్దేవారు. కాగితం వాసన చూసి, "ఈడ అబద్ధముండాది" అని వేలు పెడితే అక్కడ ఉండి తీరేది. అలాంటి ముక్కుకు జలుబు చేసిన రోజున నేనొక పల్లెలో వాన కురిపించాను.

మా పత్రికను జనం కొనేదే మొదటి పేజీలోని వానల జాబితా కోసం. ఏ పల్లెలో ఎంత పడిందో బస్సు కండక్టర్లు చెబితే నేను రాసేవాణ్ణి. ఆ రోజు ఆదోని దిక్కు బస్సు రాలేదు. టీ కొట్టు ముందు నిలబడి, పడమట మబ్బు చూసి, నేల బాగా తడిసిందన్నట్టు ఒక పల్లె పేరు పక్కన "విత్తుకునేంత పదును" అని రాసేశాను.

నాలుగో రోజు ఆ పల్లె నుంచి ఒక పెద్దాయన వచ్చి, సారు బల్ల మీద తువ్వాలు మూట విప్పాడు. అంతా పొడి మట్టి.

"చూడప్పా, యాడుండాది పదును? ఈ ఊర్లోనే బిల్డింగు పని చేస్తాంటిమి. మీ పేపరు చూసి ఇరవై ఇండ్లోళ్లం పని ఇడిసిపెట్టి పోతిమి. ఇప్పుడు మేస్త్రీ మమ్మల్ని రావద్దంటాండాడు."

సారు నన్ను తిట్టలేదు. "చెప్పులేసుకో, పోతాండాం" అన్నారు. ముందు మేస్త్రీ దగ్గరికి వెళ్లి చాలాసేపు బతిమాలారు. తర్వాత ఇద్దరం ఆ పల్లె బస్సెక్కాం.

బస్సు దిగిన చోటే జనం చేరారు. "నీ నోటితోనే చెప్పు" అన్నారు సారు. చెప్పాను. ఒక ముసలామె నన్ను పైనుంచి కిందికి చూసి, "ఏమప్పా, ఇంగ నాలుగక్షరాలు ఎక్కువ రాసింటే చెరువు గూడా నిండిపోయేది గదా!" అంది. అందరూ నవ్వారు. కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. "సోమవారం అందరినీ పనికి రమ్మన్యాడు మేస్త్రీ. తప్పు మాది" అని సారు చేతులు జోడించారు.

తిరుగు బస్సు కోసం నిలబడినప్పుడు ఒక్కసారిగా వాన దంచింది. సారు అరచెయ్యి చాపి, "రాసుకోరా, ఇప్పుడు రాసుకో" అని పిల్లాడిలా నవ్వారు.

కోతలు కొయ్యడం నేనింకా మానలేదు. కానీ నోరు విప్పేముందు, ఇది నమ్మి ఎవరైనా చేతిలో పని విడిచి బయల్దేరతారా అని ఒకసారి చూసుకుంటాను. అది ఆయన పెట్టిన అలవాటు.

అందుకే చెప్పేస్తున్నాను. సారు ముక్కు సంగతి నిజమే. చివర్లో కురిసిన వాన మాత్రం నేను కల్పించింది. ఆ రోజు దుమ్ములోనే బస్సెక్కాం. దారంతా ఆయన కిటికీలోంచి ఆకాశం చూస్తూ కూర్చున్నారు. ఆ చేతిలో ఒక్క చినుకైనా వెయ్యాలని ఇన్నేళ్లుగా ఉండింది. వేసేశాను.