మోకాలి వెనక ఆగిన రక్తం

నేను రాయచూరులో రేడియాలజీ పీజీ చేస్తున్నప్పటి మాట. మట్మారి నుంచి ఎల్లమ్మ అనే పత్తి కూలీ కాలి ఎక్స్‌రేకి వచ్చింది. ఎముక బాగానే ఉంది.

"పొద్దుగాల్సంది కాలు సల్లగైంది బిడ్డా, నొప్పికి పానం పోతున్నది" అంది.

పాదం మీద నాడి అందలేదు. వెంటనే రక్తప్రసరణ చూసే డాప్లర్ స్కాన్ చేశాను. మోకాలి వెనక ధమని పూర్తిగా మూసుకుపోయింది.

పరుగెత్తి డ్యూటీ డాక్టరుకు చెప్పాను. "కూలోళ్ళకి కాళ్ళ నొప్పులు మామూలేనమ్మా, రేపు చూద్దాం" అన్నాడు తాపీగా.

"రేపటికి కాలుండదు సార్! మీ అమ్మ కాలైతే గిట్లనే అంటరా?" అని అందరి ముందూ అరిచాను. సర్జన్‌కి నేనే ఫోన్ చేశాను. ఆయన వచ్చి రక్తపు గడ్డ తీశారు. కాలు దక్కింది.

పెద్దలమీద గొంతు పెంచినందుకు మర్నాడు నాచేత క్షమాపణ చెప్పించారు. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎల్లమ్మకు మాత్రం ఎవరూ క్షమాపణ చెప్పలేదు.