బేకసూరు సకినాలు

పోయినవి పద్దెనిమిది సకినాలు, నేను తినకుండా వదిలేసిన రెండు పూటల అన్నం, అత్తమ్మ నాతో మాట్లాడని మూడు రోజులు. నిన్న సకినాలు చేశాక అత్తమ్మ ఎప్పటిలాగే ఒకటి నా నోటి దగ్గరికి తెచ్చింది. నేను ఎప్పటిలాగే నోరు మూసుకున్నాను. "గిదేం ఆటనే అవ్వా?" అని మా బిడ్డ నన్ను అడిగింది. అందుకే ఈ లెక్క చెప్తున్నాను.

పోలీసు యాక్షన్ అయిన మూడేళ్లకు ఆదిలాబాద్ వైపు నుంచి మెట్‌పల్లికి కోడలిగా వచ్చాను. బడి మొహం చూడలేదు. చింతగింజలతో నేర్చుకున్న లెక్కలే నావి. వచ్చిన నెలకే ఆడబిడ్డతో అత్తవారింటికి పంపడానికి సకినాలు చుట్టాం. బట్ట మీద ఆరుతున్నప్పుడు లెక్కపెట్టి రెండు వందలన్నాను. నూనెలో వేయించాక అత్తమ్మ లెక్కకు నూట ఎనభై రెండే వచ్చాయి. ఇంట్లో కొత్త నోరు నాదొక్కటే. మూడో రోజు ఆమె మనసు కరిగి, "పోనీ తియ్యి పిల్లా, ఆకలైతే తిన్నవేమో. మాఫ్ చేసిన" అంది. నాకు అసలు ఏడుపు అప్పుడొచ్చింది.

మామ కచేరీలో జవాను. ఉర్దూ తీర్పులు వినీ వినీ, ఇంట్లో పిల్లి పాలు తాగినా విచారణ జరిపేవాడు. చుట్ట పక్కన పెట్టి, "మాఫీ తప్పు చేసినోళ్లకు. చెయ్యనోళ్లను బేకసూరు అనాలె. నీకేది కావాలె బిడ్డా?" అని అడిగాడు.

"మాఫీ అద్దు మామా. నేను తినలే" అన్నాను తలుపు చాటునుంచి. గంప తెప్పించి, అత్తమ్మను నా ముందర మళ్లీ లెక్కపెట్టమన్నాను.

ఆమె మొదటిది పెట్టి "లాభం" అంది. మా ఊళ్లోనూ మొదటిదాన్ని అలాగే అంటాం, ఆ తర్వాత "రెండు" అంటాం. ఆమె "ఒకటి" అంది. లాభం దేవునిదట, లెక్కలోకి రాదట. పది దాకా వచ్చేసరికి దొంతిలో పదకొండున్నాయి. అలాంటి దొంతులు పద్దెనిమిది, పైన లాభం తియ్యకుండా లెక్కపెట్టిన విడివి రెండు. చింతగింజలు తీసే పని కూడా పడలేదు. "గా పద్దెనిమిది మీ దేవుని దగ్గర్నే ఉన్నయి అత్తమ్మా" అన్నాను.

మామ వాకిట్లోకి వెళ్లి, కచేరీ గొంతుతో "మా కోడలు బేకసూర్" అని కేక పెడితే నాలుగిళ్ల వాళ్లు బయటికొచ్చారు. నింద మోపిన చేత్తోనే పద్దెనిమిదీ తినిపించాలని తీర్పు చెప్పాడు. ఒక్కరోజే తింటే పిల్ల కడుపు పాడవుతుందని అత్తమ్మ ఏడాదికొకటి చొప్పున గడువు అడిగింది. అడుగుతూ ఆమే ముందు నవ్వింది.

ఇప్పుడు పేపర్లలో నిర్దోషి అని రాస్తున్నారు. మంచి మాటే. మా ఇంట్లో మాత్రం కుండ పగలగొట్టని పిల్లలు ఇప్పటికీ బేకసూర్లే. పదిహేడేళ్లు పదిహేడు తిన్నాను. ఎనిమిదేళ్లుగా నోరు తెరవడం లేదు. "తినరాదే, నా బాకీ తీరుతది" అని అత్తమ్మ కసురుతుంది. ఆమెకు డెబ్బై దాటాయి. బాకీ ఉన్న మనిషి ఎక్కడికీ పోకూడదని నా లెక్క. ఇన్నేళ్లు గడిచాక, నేటికి నాకు రావలసింది ఒక్క సకినం.