అందరికీ అదే సంచి

కుట్టుషెడ్డులో ఆమెను అందరూ గుండీలక్క అంటారు. ఎప్పుడు చూసినా జేబులో గుండీలు గలగలమంటుంటాయి కాబట్టి ఆ పేరు వచ్చింది. నోట్లో నాలుక లేని మనిషి అనుకునేవారు. అలా అనుకున్నవాళ్ళు తర్వాత నాలుక కరుచుకున్నారు.

భర్త చనిపోయిన ఏడాది చేయించిన పరీక్షలో ఆమెకూ హెచ్ఐవీ ఉందని తేలింది. పెద్దాసుపత్రిలో మందులిస్తారు. క్రమం తప్పకుండా వేసుకుంటుంది, ఒంట్లో బాగానే ఉంటుంది. ఈ సంగతి ఇంట్లో తెలుసు, షెడ్డులో తెలియదు. ఇంట్లో తెలిసినందుకు ఆమెకు దక్కింది ఒక గ్లాసు. తోడికోడలు దాన్ని విడిగా కిటికీ గూట్లో పెట్టింది. ఇది గ్లాసులతో అంటేది కాదని ఆసుపత్రి కౌన్సెలరు ఇంటికొచ్చి చెబితే, అలాగేనని తలూపి, ఆయన వెళ్ళాక గ్లాసు మళ్ళీ గూట్లోనే పెట్టింది. తోడికోడలు చెడ్డది కాదు, భయస్తురాలు. భయస్తులు చేసే అన్యాయం చాలా శుభ్రంగా ఉంటుంది. రోజూ తోమి మరీ పెడతారు.

ఆసుపత్రిలో ఈ మందులకు వేరే కిటికీ ఉండేది. ఆ తెల్ల డబ్బా చేతిలో కనపడితే చాలు, ఎవరైనా పోల్చుకునేవారు. కొందరు మాత్రలు కాగితంలో పొట్లం కట్టుకుని డబ్బాలు అక్కడే పారేసి పోయేవారు. మందులిచ్చే ఫార్మసిస్టమ్మకు అది చూసి జాలేసింది. లోపల ఏముందో కనపడకుండా మందపాటి నీలం గుడ్డతో సంచులు కుట్టించమని షెడ్డుకు ఆర్డరు పంపింది. వాటి మూతికి గుండీ పెట్టింది గుండీలక్కే. పెడుతున్నప్పుడు సంతోషించింది కూడా.

అయితే ఆ సంచి ఆ కిటికీ దగ్గర తప్ప ఇంకెక్కడా ఇవ్వరు. కొన్నాళ్ళకే నీలం సంచి అంటే ఏమిటో ఊరంతా తెలిసిపోయింది. దాచబోయి దండోరా వేసినట్టయింది. షెడ్డులో సంచులు కుట్టే ఆడవాళ్ళే, "ఈ సంచి కనపడితే అటు గోడకి అంటుకుపోవాలే తల్లీ" అని నవ్వుకునేవారు. గుండీలక్క కుక్కిన పేనులా కూర్చుని గుండీలు కుట్టేది.

ఒక బస్సు డ్రైవరు చేతిలో ఆ సంచి చూసి ఇంటాయన గది ఖాళీ చేయించాడు. డ్రైవరు ఆ దెబ్బతో మందులకు రావడమే మానేశాడు. మందు మానేస్తే ఏమవుతుందో గుండీలక్క తన భర్త విషయంలో ఇంట్లోనే చూసింది. ఆమెకు కోపం వచ్చింది. ఆ కోపంతోనే, మందులు వాడేవాళ్ళను ఆసుపత్రివాళ్ళు సమావేశానికి పిలిచిన రోజు లేచి నిలబడి, ఈ సంచే మమ్మల్ని పట్టిస్తోందని చెప్పింది.

"మీ మంచికేగా అమ్మా నేను చేసింది!" అంది ఫార్మసిస్టమ్మ, మొహం చిన్నబుచ్చుకుని.

"మంచికేనమ్మా, కాదనను. మాకొక్కళ్ళకే చేశారు, దాంతో వచ్చింది చిక్కు. బీపీకీ, షుగరుకీ, దగ్గుకీ ఆ సంచే ఇవ్వండి. అందర్నీ ఒకటే కిటికీ దగ్గర నిలబెట్టండి."

"కిటికీ సంగతి నేను అడుగుతాను. అన్ని సంచులకు గుడ్డ ఎక్కణ్ణుంచి తేను?"

యూనిఫారాలు కత్తిరించగా మిగిలిన నీలం ముక్కలు షెడ్డు మూల గుట్టగా పడి ఉంటాయి. గుండీలక్క మర్నాడు వాటిని ఆసుపత్రి సంచులకివ్వమని యజమానిని అడిగింది.

"వాళ్ళ గొడవ నీకెందుకమ్మా? నీ పని నువ్వు చూసుకోక."

ఏదో ఒక అబద్ధం చెప్పొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆమె విసిగిపోయి ఉంది.

"నేనూ ఆ మందే వేసుకుంటానండీ."

మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. యజమాని కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. "రేపట్నుంచి రావద్దంటే?"

"కోర్టుకెళ్తానండీ. ఈ జబ్బుందని పనిలోంచి తీసెయ్యకూడదట, చట్టముంది." ఆ జీతం పోతే ఆమెకు వేరే దారి లేదు, తోడికోడలి ఇంట్లో గ్లాసుతో పాటు గూట్లో కూర్చోవాల్సిందే.

యజమాని ఏదో అనేలోపు కటింగు మాస్టరు కత్తెర బల్లమీద కొట్టాడు. "ఎవరి జబ్బు వాళ్ళది, ఆర్డరు మాత్రం మనందరిది. కుట్టండమ్మా, కుట్టండి. అయ్యా, ఆ ముక్కలు ఎలకలకేగా పెడుతున్నాం!"

ముక్కలు దొరికాయి, పని నిలిచింది. పక్క మిషనావిడ మాత్రం తన బల్లను అవతలి వరసలోకి జరుపుకుంది. ఈనాటికీ జరుపుకునే ఉంది. మిగతావాళ్ళు కొన్నాళ్ళు ఎడంగా కూర్చుని, దారం అయిపోయినప్పుడల్లా ఆమెను అడగాల్సి రావడంతో, మెల్లగా దగ్గరికొచ్చారు.

ఆసుపత్రిలో కిటికీలు ఒకటయ్యాయి. ఏ మందైనా నీలం సంచిలోనే ఇస్తున్నారు. గుండీలక్క ప్రతి నెలా వరసలో ఆ డ్రైవరు కోసం చూసేది. ఒక నెల కనిపించాడు, బాగా చిక్కిపోయి.

ఆ నెలలోనే తోడికోడలు బీపీ మాత్రలు తెచ్చుకోవడానికి వెళ్ళింది. కొత్త పద్ధతి సంగతి వాళ్ళ వీధిలోకి ఇంకా పాకలేదు. తిరిగొచ్చి, సంచిని మంచం మీదికి విసిరింది.

"కొళాయి దగ్గర ఆవిడ నన్ను చూసి బిందె తీసుకుని వెళ్ళిపోయిందే! బీపీ మాత్రలని అరిచి మరీ చెప్పాను. నమ్మితేగా! ఏళ్ళ తరబడి స్నేహమే, ఎలా చూసిందనుకున్నావ్!"

గుండీలక్కకు జాలి వెయ్యలేదు. వేసినట్టు నటించనూ లేదు. "కూర్చో అక్కా" అని మాత్రం అంది.

తోడికోడలు కూర్చోలేదు. చేతికందిన గ్లాసు లాక్కుని, కుండలో ముంచి, గటగటా తాగింది. తాగి, ఖాళీ గ్లాసు పెట్టబోతూ కిటికీ గూటి వైపు చూసింది. గూడు ఖాళీగా ఉంది.

తన చేతిలో ఉన్నది ఆ గూటి గ్లాసే.

తోడికోడలు గ్లాసును గూట్లో పెట్టలేదు. మళ్ళీ కుండలో ముంచి, అంచు తుడవకుండా, గుండీలక్క చేతికిచ్చింది.

"తాగు. ఇన్నేళ్ళూ ఆ చూపు ఎలా భరించావే?"

"బయటివాళ్ళది భరించడం కష్టం కాలేదక్కా" అంది గుండీలక్క.