మేనేజరు మీద మా తగువు

న్యూజిలాండులోని లోవర్ హట్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉండగానే మా ఆయనకు పక్షవాతం వచ్చింది. చెయ్యి మెల్లమెల్లగా స్వాధీనంలోకి వచ్చింది గానీ మాట రాలేదు. అవును, వద్దు, నీళ్లు, అంతే. పెళ్లయిన దగ్గర్నుంచి నేను ఏదంటే దానికి అడ్డం చెప్పిన మనిషి, ఇప్పుడు ఏమడిగినా తల ఊపేవారు. ఒకరోజు పప్పులో ఉప్పు వేయడం మర్చిపోయాను. బాగుందా అంటే, దానికీ ఊపారు. నాకు భయం వేసింది.

మాట నేర్పడానికి ఒక అమ్మాయి వచ్చి బొమ్మల అట్టలు ఇచ్చి వెళ్లేది. కింద పేర్లు ఇంగ్లీషులో ఉండేవి. నాకు తెలుగు అక్షరాలు వచ్చిందే యాభై దాటాక. మా అమ్మాయి చెబుతుంటే ఆ పేర్ల పక్కన తెలుగులో పెద్దగా రాశాను. కప్పు, కుర్చీ, గొడుగు. ఆయన చూసి మొహం తిప్పుకునేవారు.

"నాన్నకి చెప్పాలనిపించే విషయం ఏదో ఉండాలంటోందమ్మా ఆ మాట నేర్పే అమ్మాయి," అంది మా అమ్మాయి. "గొడుగు గురించి ఆయనకేం ఉంటుంది చెప్పడానికి?"

అమ్మాయీ అల్లుడూ పొద్దున్నే రైలెక్కి వెల్లింగ్టన్‌లో ఉద్యోగాలకు వెళ్లిపోయేవారు. చలికాలం, హీటర్ పక్కన మేమిద్దరమే. ఒక మధ్యాహ్నం టీవీ పెడితే అల్లుడు చూసి వదిలేసిన ఛానల్లో బేస్‌బాల్ వస్తోంది. అమెరికాలో రాత్రి ఆడేది మాకు పట్టపగలు వస్తుంది. బంతి విసిరేవాడు అలిసిపోతే, జట్టును నడిపే మేనేజరు మైదానంలోకి నడిచొచ్చి, వాడి చేతిలోంచి బంతి తీసుకుని ఇంకొకణ్ణి పిలుస్తాడు. దిగిపోయినవాడు ఆ రోజుకి మళ్లీ రాడు. అందుకే ఎప్పుడు మార్చాలన్నది పెద్ద ఆలోచన.

మా ఆయన బస్సు డిపోలో డ్రైవర్లకు డ్యూటీలు వేసిన మనిషి. కాసేపు చూసి, "తీసెయ్," అన్నారు.

"ఎవర్నండీ?"

"వాణ్ణి. అలిసి... పోయాడు."

ఆ సంతోషంలో, "నిజమేనండీ, పాపం మీరన్నట్టే అలిసిపోయాడు," అన్నాను. ఆయన తల ఊపి ఊరుకున్నారు. ఆ పూటకి ఇంక మాట లేదు.

రాత్రి అన్నం కలుపుతుంటే తట్టింది. ఒప్పుకుంటే ఆయనకు మాట్లాడే పనేముంది?

మర్నాడు మేనేజరు బంతి విసిరేవాణ్ణి మార్చగానే అందుకున్నాను. "తొందరపడ్డాడండీ. వాడు బాగానే విసురుతున్నాడుగా."

"ఏం బాగు? భుజం... చూడు."

"భుజానికేం, గుండ్రాయిలా ఉంది."

"నీ మొహం," అన్నారు.

నీ మొహం అనిపించుకుని అంత మురిసిపోయిన ఆడది ఇంకెక్కడా ఉండదేమో.

అప్పట్నుంచి రోజూ ఇదే. మేనేజరు ఉంచితే తీసెయ్యాలనేదాన్ని, తీసేస్తే ఉంచాలనేదాన్ని. నాకా ఆట సగం కూడా అర్థం కాదు. ఒక సాయంత్రం అమ్మాయి బూట్లు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడిపోయింది.

"ఏంటమ్మా, గేటు దాకా వినిపిస్తున్నారు?"

"మీ నాన్న ఆ మేనేజర్ని ఉద్యోగంలోంచి పీకేస్తున్నారు."

"పీకకపోతే? వాడికి... కళ్లు లేవు," అన్నారాయన. అమ్మాయి నవ్వబోయి అటు తిరిగి కళ్లు తుడుచుకుంది.

చలి తగ్గుతున్న రోజుల్లో ఒక ఆట చూస్తున్నాం. విసిరేవాడి పని అయిపోయిందని నాకే తెలుస్తోంది. చేతులు మోకాళ్ల మీద ఆనించి రొప్పుతున్నాడు. మేనేజరు వచ్చి, వాడి వీపు తట్టి బంతి తీసుకున్నాడు. సరైన పనే. అయినా నా పని నేను చేశాను.

"అన్యాయమండీ. ఇంకాసేపు ఉంచాల్సింది."

ఆయన టీవీ వైపు చూడలేదు. నా వైపే చూస్తున్నారు.

"నీకూ తెలుసు," అన్నారు.

"ఏం తెలుసు?"

"తీసెయ్యడమే రైటని. నువ్వు నా కోసం... అడ్డం చెబుతున్నావు."

ఒక్కచోటే ఆగారు. అంత పొడుగు మాట ఆయన నోట విని ఎన్నాళ్లయిందో. చెంగు సర్దుకుంటూ కూర్చున్నాను.

"అను," అన్నారు నెమ్మదిగా. "అంటూ ఉండు."

నేను టీవీ వైపు తిరిగి, కొత్తగా వచ్చినవాడు మరీ పొట్టిగా ఉన్నాడనీ, అంతమంది ఉండగా వీణ్ణెందుకు పిలిచారో బొత్తిగా అర్థం కావడం లేదనీ అన్నాను.